రెండు రాతి పెట్టెలు

రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో మా ఇంటికి రెండు పనులు ఒకే పూట, ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయి. ఒకటి దేవుడు, రెండోది స్పీకర్ల జత. దేవుడు మా నాయనకు, స్పీకర్లు నాకు.

ఆ మనిషి నంద్యాలలో రైస్ మిల్లు నడిపే సంజీవయ్య. ఉగాది వెళ్లిన ఆదివారం ఆళ్లగడ్డకు వచ్చి, మా ఇంటి ముందు రేకుల పాకలో, సగం చెక్కిన నందుల మధ్య కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిల్లు పక్కన గుడి కట్టిస్తున్నాడు. శ్రావణంలో ప్రతిష్ఠ. ఆరడుగుల వేణుగోపాలస్వామి కావాలి.

"ఓబయ్యా, పిల్లనగ్రోవి మీద ఏలుకు ఏలు విడిగా కనపడల్ల. యాడా అతుకు ఉండకూడదు."

"అతుకులేసే ఇంటికి రాలేదులే అప్పా నువ్వు," అన్నాడు నాయన.

ఆ మాట ఆయన అనగలడు. నలభై ఏళ్లలో ఆయన చెక్కిన విగ్రహం ఒక్కటీ పగిలింది లేదు. చేతి పనితనం ఎవరికైనా ఉంటుంది, రాయిని ఎంచే చెవి మాత్రం ఓబయ్యదే అని ఊళ్లో సాటి శిల్పులే అనేవాళ్లు. సుత్తితో కాళ్ల దగ్గర, నడుము దగ్గర, తల దగ్గర మూడు దెబ్బలు కొట్టి వింటాడు. గంటలా మోగితే పలికే రాయి, అది దేవుడికి. దబ్బుమని ఊరుకుంటే మూగరాయి, అది గడపలకూ మెట్లకూ.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు ప్రసన్నకుమారి. నంద్యాలలో పాలిటెక్నిక్ చదివి, అక్కడే బాలస్వామి అన్న ఎలక్ట్రానిక్స్ షాపులో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బిగించే పనిలో చేరాను. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. ఆ రోజు ఆదివారం కనుక పాక మూలలో సోల్డరింగ్ పెట్టుకుని కూర్చున్నాను. సంజీవయ్య కన్ను నా మీద పడింది.

"నీ బిడ్డేనా? ఏం చేస్తాంది?"

"పాటల పెట్టెలు చేస్తాదప్పా, నంద్యాల్లో," అన్నాడు నాయన, పిల్లలు బొమ్మరిల్లు కట్టుకుంటున్నారని చెప్పినట్టు. ఆ చులకన నాకు కొత్త కాదు, అలా అని అలవాటూ కాలేదు.

"అయితే నా బాధ ఇనమ్మా," అని సంజీవయ్య నా వైపు తిరిగాడు. "మిల్లు ఇల్లు గదా, ఎలుకలు జాస్తి. ఆంప్లిఫయరు ఒక మూల, స్పీకర్లు ఇంకో మూల, నడుమ ఉండే వైర్లన్నీ కొరికేస్తాండాయి. చెక్క పెట్టెలకేమో చెదలు. మిల్లు మోటర్లు తిరిగితే చాలు, పాట ఎనక గుయ్యిమని ఒకటే మూలుగు. దీనికేమన్నా మందుండాదా?"

"ఉండాది సార్. ఆంప్లిఫయరును స్పీకరు పెట్టె లోపల్నే పెట్టేస్తే నడుమ అన్ని వైర్లు పనే లేదు. డీవీడీ నుంచి వచ్చేది ఒకే సన్న తీగ. దాంట్లో పాట కరెంటై రాదు, లైటు మాదిరి వెలుగై వస్తాది. డిజిటల్ అంటారు. మీ మోటర్ల మూలుగు దాంట్లోకి దూరలేదు. అది గూడా వద్దంటే పాటలు పెన్‌డ్రైవ్‌లో ఏసుకోని పెట్టె ఎనక గుచ్చితే చాలు."

"ఆ ఒక్క తీగను ఎలుక కొరికితే?"

"ఇనప గొట్టంలో దూరుస్తా."

"చెద పడితే?"

చుట్టూ చూశాను. నాలుగు వైపులా రాళ్లే. "రాతితో చేస్తా సార్," అన్నాను. నోరు దాటాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

నాయన పడీపడీ నవ్వాడు. సంజీవయ్య నవ్వలేదు. "చెయ్ అయితే. శ్రావణానికి రెండూ రావల్ల. దేవుడు గుళ్లోకి, పెట్టెలు ఇంట్లోకి," అని లేచాడు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా అమ్మ శివమ్మ లెక్కన మా ఇంట్లో అలాంటి బలవంతులు ఇద్దరున్నారు. ఆ ఎండాకాలమంతా ఆ ఇద్దరి మధ్య నలిగింది ఆమే.

నాయన కొండకు పోయి రాయి ఎంచుకుని వచ్చాడు. ఆ పనికి మగవాళ్లే పోతారు. రాయిని ఎంచే చోటికి ఆడవాళ్లు రాకూడదని మావాళ్ల పట్టింపు. పది రోజులకు నల్లని దిమ్మె లారీలో వచ్చి పాకలో దిగింది. "గంట మాదిరి పలికిందే," అని అమ్మతో మురిసిపోతూ చెప్పాడు. స్వామికీ పీఠానికీ కావలసిన పొడుగు వదిలి రెండు కొసలూ మిషన్‌తో కోయించాడు. ఆ కొసముక్కలు రెండూ నా ముందు పెట్టాడు.

"నాకు గడపరాయి ఏదన్నా చాలు నాయనా. దేవుడి రాయి ఎందుకు?"

"మూగరాయితో చేస్తావా? పిచ్చిదానివా పాపా? పాట పలికే పెట్టెకు పలికే రాయే కావల్ల. ఇంతకన్నా పలికేది ఈ జిల్లాలో యాడుండాది?"

నాకూ నిజమే అనిపించింది. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. స్పీకరులో పలకాల్సింది కోను ఒక్కటే, దాన్ని పట్టుకున్న పెట్టె నోరు మూసుకుని ఉండాలి. అది మొదటి సంవత్సరం పాఠం. నాలుగేళ్లుగా ఆ పనే చేస్తున్నదాన్ని, శిల్పి కూతుర్ని కనుక నాయన మాటకు తలూపాను. పుట్టినింటి బుద్ధి ముందు చదివిన చదువు నిలవలేదు.

నవ్వినవాడు నవ్వినట్టే ఉండి, పెట్టెలు మాత్రం దేవుడి పని చేసినంత శ్రద్ధగా చేశాడు. లోపల తొలిచి అంగుళమున్నర మందం ఉంచాడు. ముందువైపు కోన్ల కోసం కింద పెద్దదీ పైన చిన్నదీ రంధ్రాలు తీశాడు. అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గరుకు తగల్లేదు. చివరికి రాళ్లకు గుర్తులు పెట్టే ఎర్ర జాజు ముద్ద తీసి, ఒక పెట్టె మీద ఒక గీత, రెండో దాని మీద రెండు గీతలు పెట్టాడు. రాయికి తలా కాళ్లూ ఉంటాయి. కొండలో ఏ కొస పైన ఉందో విగ్రహంలోనూ అదే పైన ఉండాలి. తలవైపు ముక్కకు ఒక గీత, కాళ్లవైపు ముక్కకు రెండు.

"పెట్టెలకు ఎందుకు నాయనా ఇవి?"

"రాయి రాయే," అన్నాడు.

స్వామికి ఉలి పెట్టడానికి వైశాఖంలో ఒక గురువారం ముహూర్తం పెట్టించాడు. ఉలి పెట్టేదాకా అది రాయి. పెట్టాక స్వామి. ఆ తర్వాత వద్దనడానికి వీల్లేదు. మధ్యలో పగిలిందంటే అది అరిష్టం, ఆ శిల్పి చేతికి మళ్లీ ఎవరూ దేవుణ్ణి ఇవ్వరు. మా ఊళ్లో అలా ఇద్దరు రోళ్లు కొట్టుకుని బతుకుతున్నారు.

నంద్యాల షాపులో నా కష్టాలు నాకున్నాయి. "రాతి స్పీకరా? రోట్లో ఆంప్లిఫయరు పెడ్తావా మ్మా?" అని బాలస్వామి అన్న మొదట్లో ఎగతాళి చేశాడు. అయినా చెన్నైకి ఫోన్ చేసి డిజిటల్ బోర్డులు తెప్పించింది ఆయనే. మొదటి బోర్డు గంటలో మాడింది, రాతిలో వేడి ఎటూ పోదు కదా. వెనక మూతకు చెక్క మానేసి అల్యూమినియం పలక వేశాను. ఆంప్లిఫయరును ఆ పలకకే బిగించాను. తీగ గుచ్చే రంధ్రం, పెన్‌డ్రైవ్ గుచ్చే చీలిక కూడా ఆ పలక మీదే. రెండో బోర్డు బతికింది. "ఉడుం పట్టమ్మా నీది," అన్నాడు బాలస్వామి అన్న, ఈసారి ఎగతాళి లేకుండా.

ముహూర్తానికి ముందు ఆదివారం పాకలో రెండు పెట్టెలనూ బల్ల మీద పెట్టి బిగించాను. బాలస్వామి అన్న డీవీడీ ప్లేయర్ వెనక కట్టుకుని మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. సన్న తీగ గుచ్చి స్విచ్ వేశాను. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా మూలుగు లేదు, బుసలు లేవు. పెట్టెలకు కరెంటు వచ్చిందా అని అనుమానమే వచ్చింది. అప్పుడు నాదస్వరం డిస్కు పెట్టాను.

కుడివైపు పెట్టెలోంచి పాట వచ్చింది. ఆ పాకలో ఎవరో మనిషి కూర్చుని ఊదుతున్నట్టే ఉంది. నాలుగేళ్లలో నేను బిగించిన ఏ పెట్టే అంత శుభ్రంగా పలకలేదు. కానీ నాదస్వరం పైకి పోయినప్పుడల్లా ఎడమ పెట్టె తానూ గొంతు కలిపి కీఁ అని సాగదీసింది. పాట ఆగాక కూడా ఆ కూత కాసేపు గాలిలో ఉండింది.

"కుడిది బంగారం ప్రసన్నా," అన్నాడు బాలస్వామి అన్న. "ఎడమదానికి ఏదో రోగముండాది."

రెండింటికీ నడుమ కూర్చున్న నాయన తలెత్తాడు. "రోగమేంది? రెండూ ఒకటే మాదిరి పలుకుతాండాయి."

"పైకి పోతే కీచుమంటాంది గదన్నా. ఇనపళ్లేదా?"

"ఏం కీచు? బ్రహ్మాండంగా ఉండాది," అని నాయన లేచి ఉలుల దగ్గరికి పోయాడు.

నేను ఆ మాట పట్టించుకోలేదు. నా ప్రాణమంతా ఆ కూత మీదే ఉంది. తీగ మీద నెపం పెట్టడానికి లేదు. ఎడమ వెనకపలక తీసి కుడిదానికి, కుడిది ఎడమదానికి మార్చి బిగించాను. కోన్లు కూడా మార్చాను. ఎంత మార్చినా కూత మాత్రం ఎడమ రాతినే పట్టుకుని ఉంది. బాలస్వామి అన్న చూసి చూసి, "రేపు షాపులో మాట్లాడుకుందాం మ్మా," అని వెళ్లిపోయాడు.

ఇక చేసేదేమీ లేక నాయన చిన్న సుత్తి తీసుకుని ఎడమ పెట్టె మీద ఒకటి కొట్టాను. గంట మోగింది. కుడి పెట్టె మీద కొట్టాను. దబ్బుమంది. ఎడమదాని మీద జాజు గీత ఒకటి. కుడిదాని మీద రెండు.

ఒకే రాయి. తల పలుకుతోంది, కాళ్లు మూగగా ఉన్నాయి. నా పెట్టెకు బంగారమైనది దేవుడికి పనికిరాదు.

లేచి దిమ్మె దగ్గరికి పోయాను. తలవైపు కొట్టాను. ఖంగుమంది. నడుము దగ్గర కొట్టాను. గొంతు తగ్గింది. కాళ్లవైపు కొట్టాను. పిండి బస్తా మీద కొట్టినట్టుంది. మళ్లీ తలవైపుకు పోయి గట్టిగా కొట్టాను. దేవుడి రాయి మీద ఇంకొకరు సుత్తి వేస్తే నాయన ఊరుకునే మనిషి కాదు. పదడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. తల తిప్పలేదు.

వంటింట్లోకి పోయాను. కుక్కరు మూడు కూతలు కూసింది. అమ్మ దించి పక్కన పెట్టింది.

"అమ్మా, నాయనకు చెవి…"

"ఎత్తద్దు ఆ మాట," అంది అమ్మ, నా వైపు చూడకుండానే. తర్వాత తనే చెప్పింది. "నాలుగేండ్లాయె. ఈ కోత మిషన్లు వచ్చినప్పట్నించీ. మాట ఇనపడ్తాది. సన్న సప్పుళ్లు ఇనపడవు. కుక్కరు కూత ఇనపడదు, ఫోను ఇనపడదు. ఎవురన్నా పిలిస్తే నేను ముందు పలికి ఆయప్పను కదిలిస్తాండా."

"మరి రాళ్లు ఎట్ల ఎంచుతాండె?"

"ఇన్నాళ్లూ చిన్న ఇగ్రహాలు గదా. కంటి అంచనాతో తెచ్చుకుంటాండె. దేవుడు కాపాడినాడు."

"ఇది ఆరడుగులుండాదమ్మా. కాళ్లకాడ మూగగుండాది. లోపల యాడో పగులుండాది."

అమ్మ గరిటె కింద పెట్టింది. "చెప్పద్దు పాపా. చెయ్యి పోయినా బతుకుతాడు గానీ, ఓబయ్యకు చెవి పోయిందంటే బతకడు."

"స్వామి నడుమకు పగిలితే బతుకుతాడా?"

నా మాట వినని ప్రతిసారీ, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని నేను నాయనను ఎన్నిసార్లు వెక్కిరించానో అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. కానీ గురువారానికి నాలుగు రోజులే ఉన్నాయి. ఏడుస్తూ కూర్చుంటే రాయి పలకదు.

సోమవారం పొద్దున్నే చెప్పేశాను. "నాయనా, దిమ్మె కాళ్లకాడ పలకడం లేదు."

నాయన ముఖం ఎర్రబడింది. "నీకు నేను నేర్పినానా, నాకు నువ్వు నేర్పినావా?"

"ఒక తూరి కొట్టి చూడు."

విసురుగా సుత్తి తీసుకుని మూడు చోట్లా కొట్టాడు. ప్రతి దెబ్బకూ తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని విన్నాడు. చిన్నప్పట్నుంచీ నేను చూసిన తీరే అది. "ఇను. గంట. పో, పోయి నీ పాటల పెట్టెలు చేసుకో," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన వింటున్నది ఈ రాయిని కాదు, ఇదివరకు విన్న రాళ్లను.

ఆయన కొట్టబోతున్నప్పుడే నేను, పెట్టెల పరీక్ష కోసం ముందే షాపు నుంచి తెచ్చుకున్న చిన్న రికార్డరు మీట నొక్కి చున్నీ కింద పట్టుకున్నాను. మూడు దెబ్బలూ అందులో పడ్డాయి. తప్పు చేస్తున్నానని తెలుసు. అయినా చేశాను.

రెండు రోజులు షాపు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాయనకు మాట వినపడుతుంది, సన్న చప్పుడు వినపడదు. అయితే సన్న చప్పుడును లావు చేయాలి. రికార్డు చేసిన దాన్ని నాలుగింతలు నిదానం చేస్తే కీచుగొంతు బొంగురుగొంతు అవుతుంది, కానీ పలికేది పలుకుతుంది, పలకనిది పలకదు. "ఇది పాటా? ఏందిది?" అని బాలస్వామి అన్న అడిగాడు. ఇంటి సంగతి బయట పెట్టలేక, "రాయి పాట అన్నా," అన్నాను. బుధవారం మధ్యాహ్నం సెలవడిగి, పెన్‌డ్రైవ్ గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కాను.

నేను పోయేసరికి నాయన దిమ్మెకు పసుపు నీళ్లు చల్లి, మర్నాటి ముహూర్తానికి ఉలులు వరసగా పేర్చుకుంటున్నాడు. కుడి పెట్టెను ఆయన ముందు పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చాను.

"పాటలినే టైము ల్యా పాపా."

"పాట కాదు నాయనా. మొన్న నువ్వు కొట్టిన దెబ్బలే. నిదానం చేసి తెచ్చినా. ఇది తలకాడిది."

పెట్టెలోంచి దూరపు గుడిగంట లాంటి శబ్దం వచ్చింది. లోతుగా, బరువుగా, మోగి మోగి సాగింది. నాయన చేతిలోని ఉలి కింద పెట్టాడు. ముఖం ఎలా మారిపోయిందో చెప్పలేను. ఊరొదిలి పోయిన తోబుట్టువు గొంతు విన్నట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నాలుగేళ్లయింది ఆయన రాయి పలకగా విని.

"ఇంకో తూరి ఏయ్," అన్నాడు. వేశాను. కళ్లు తుడుచుకున్నాడు.

"ఇది నడుమకాడిది," అన్నాను. గంట ఉంది, కానీ త్వరగా ఆగిపోయింది. నాయన నుదురు ముడిపడింది.

"ఇది కాళ్లకాడిది."

తడిమట్టి ముద్ద నేల మీద పడేసినట్టు ఒక్క చప్పుడు. అంతే. దాని వెనక ఏమీ రాలేదు.

"ఇంకో తూరి."

ఐదుసార్లు వేయించుకున్నాడు. ఐదోసారి పెట్టె మీద అరచెయ్యి ఆనించి విన్నాడు. తర్వాత వాకిట్లో నిలబడిన అమ్మ వైపు చూశాడు. "నీకు తెల్సునా?" అన్నాడు. అమ్మ తల దించుకుంది. ఆయన లేచి ఉలులన్నీ ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి కట్టేశాడు.

గురువారం ముహూర్తం వేళకు స్నానం చేసి పాకలోకి వచ్చాడు. చేతిలో ఉలి లేదు, నీళ్ల బకెట్ ఉంది. దిమ్మె మీదికి ఎండ పడేట్టు పైరేకు ఒకటి నన్ను తీయమన్నాడు. కాళ్ల నుంచి తలదాకా నీళ్లు పోసి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. వైశాఖం ఎండ. చూస్తుండగానే రాయి ఆరిపోసాగింది. తల ఆరింది, నడుము ఆరింది, కాళ్లూ ఆరాయి. ఒక్క గీత మాత్రం ఆరలేదు. పాదాల దగ్గర మొదలై మోకాళ్ల మీదుగా నడుము దాకా వెంట్రుకంత తడిగీత నిలిచిపోయింది.

నాయన ఆ గీత వెంట వేలు పోనిచ్చాడు. "రేపు కాళ్లు చెక్కేటప్పుడు ఇడిపోయుండు," అన్నాడు మెల్లగా. తర్వాత, "ఆ సంజీవయ్యకు ఫోన్ కలుపు," అన్నాడు.

నేను మాట్లాడతానన్నాను. వద్దన్నాడు. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని ఆయనే చెప్పాడు. "అప్పా, నేను ఓబయ్యను. రాయి తప్పు ఎంచినా. నాదే తప్పు, రాయిది కాదు. ఇంకో రాయి తెస్తా. శ్రావణానికి స్వామి నీ గుళ్లో నిలబడ్తాడు." అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. నాయన మాత్రం, "ఆ, నిలబడ్తాడు," అని ఇంకోసారి గట్టిగా అన్నాడు.

అన్నట్టే శ్రావణంలో స్వామి గుళ్లోకీ, పెట్టెలు మిల్లు ఇంట్లోకీ చేరాయి. ఇప్పటికీ ఎలుకలు వాటి జోలికి పోలేదట. అవన్నీ ఊరంతా చూసిన సంగతులు. ఎవరూ చూడనిది ఆ శుక్రవారం.

శుక్రవారం పొద్దున బస్సుకని సంచీ తగిలించుకుంటుంటే నాయన వాకిట్లోకి వచ్చి, "యాడికి?" అన్నాడు.

"షాపుకు."

"షాపు రేపు పోదువు. బేగ రా, జీపు నిలబడిండాది. కొండకు పోవల్ల."

అమ్మ గడపలో నిలబడి, "ఆడపిల్ల కొండకా?" అంది. నాయన వినపడనట్టే నడిచాడు. నిజంగా వినపడలేదో, వినదలుచుకోలేదో నాకు తెలియదు.

కొండ దగ్గర రాళ్లు తీయించే మేస్త్రీ మద్దయ్య మమ్మల్ని చూసి బీడీ పారేశాడు. అతని వెనక పదిమంది పనివాళ్లు. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఏంది ఓబయ్యన్నా, ఎన్నడూ లేంది ఆడపిల్లని ఎంటబెట్టుకోని వచ్చినావ్?"

నేను కిందికి చూశాను. నాయన ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడనుకున్నాను. కొండ చూడాలందనో, ఇంకేదో.

"చెవి తెచ్చుకున్నా మద్దయ్యా," అన్నాడు అందరికీ వినపడేట్టు. "నాది పాయె. ఈ పాపది బాగుండాది."

మద్దయ్య దారి ఇస్తూ పక్కకు జరిగాడు. నాయన సుత్తి తీసుకుని మొదటి దిమ్మె దగ్గరికి నడిచి, నా వైపు చూశాడు. "నేను కొడ్తా. నువ్వు ఇను."

కొట్టాడు. కాళ్ల దగ్గర దబ్బు, నడుము దగ్గర దబ్బు, తల దగ్గర కూడా దబ్బే.

"మూగది నాయనా. ఇది నా పెట్టెలకు పక్కన పెట్టించు," అన్నాను. ఆయన పెదవి మీద నవ్వు మెదిలింది.

రెండోది తల దగ్గర తప్పింది. మూడోది మూడు చోట్లా మోగింది, కానీ నడుము దగ్గర మోత ముందే ఆగినట్టనిపించింది. "ఇంకో తూరి కొట్టు," అన్నాను. కొట్టాడు. "వద్దు," అన్నాను. ఎండ నెత్తికెక్కింది. మద్దయ్య విసుక్కుంటూ, "ఇంతకన్నా మంచి రాయి యాడ తెద్దు మ్మా?" అన్నాడు. "యాడుంటే ఆడికి పోదాం," అన్నాను. నాయన సుత్తి భుజాన పెట్టుకుని నా వెనకే వచ్చాడు.

ఆరో రాయి గుట్టకు అవతల పక్క ఉంది. నాయన కాళ్ల దగ్గర కొట్టాడు, నడుము దగ్గర కొట్టాడు, తల దగ్గర కొట్టాడు. మూడు దెబ్బలూ ఒకే గొంతుతో మోగి, ఒకదాని మీద ఒకటి పడి, చాలాసేపు ఆగలేదు. పనివాళ్లు కూడా తలలు తిప్పారు. నాయన మాత్రం రాయిని చూడటం లేదు. నా ముఖమే చూస్తున్నాడు.

"పలుకుతాంది నాయనా," అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు, మళ్లీ కొట్టి చూడలేదు. జేబులోంచి జాజు ముద్ద తీసి నా చేతిలో పెట్టాడు. రాయి తలవైపుకు పోయి, ఒక గీత గీశాను.